బరువు నిలకడ పడేదాకా

ఓవెన్ ఉష్ణోగ్రత రాయాలి, తొమ్మిదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి. తూకం మిషను మీద వంద గ్రాముల రాయి పెట్టి సరిచూడాలి. బోరు నీళ్ల శాంపిల్ పట్టాలి. మందు కొనేవాళ్లు చూసే ఆడిట్ ఫైలులో మూడు బ్యాచ్‌ల కాగితాలు వరుసగా పెట్టి పేజీ నంబర్లు వేయాలి. నాలుగో బ్యాచ్‌కు లేబుళ్లు రాయాలి. అమ్మకు బీపీ గోళీలు చేవెళ్లలోనే తీసుకోవాలి, మొయినాబాద్‌లో ఆ కంపెనీవి దొరకవు. రామలింగేశ్వరరావు సారుతో మాట్లాడాలి. ఎలీషా అన్నకు ఫోన్ చేయాలి.

గోళీలు సాయంత్రం బస్సెక్కేముందు తీసుకుంటాను. మిగతావాటిలో చివరి రెండూ తప్ప అన్నీ అయిపోయాయి, పెన్సిల్‌తో కొట్టేశాను. ఇప్పుడు పదకొండు దాటి నాలుగు నిమిషాలు. ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఓవెన్‌లో నూట ఐదు డిగ్రీల వేడికి చిన్న గాజు గిన్నెలో ఫెర్రస్ సల్ఫేట్ ఎండుతోంది. పొద్దున ఏడున్నరకు పెట్టినప్పుడు సరిగ్గా పది గ్రాములు. పదింటికి తూస్తే ఆరు పాయింట్ నాలుగు రెండు. పదకొండింటికి ఆరు పాయింట్ ఒకటి ఐదు. ఇంకో గంట ఉంచి తూయాలి, అప్పుడూ బరువు మారకపోతేనే అది లెక్కలోకి వచ్చే బరువు, పద్ధతి అలా ఉంది, నేను పద్ధతి ప్రకారం పోయేదాన్ని. పన్నెండింటికి ఎలీషా అన్న గేటు దగ్గరికి వస్తాడు. మూడు బ్యాచ్‌లలో సరుకు తక్కువ రావడానికి తానే కారణమని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టి పని వదిలి వెళ్లాలి. సరుకు తక్కువ రాలేదని ఈ గిన్నెకు తెలుసు. నాకు కూడా తెలుసు. నేనొక్కదాన్నే చెబితే చాలదేమోనని గిన్నెను సాక్ష్యానికి తయారు చేస్తున్నాను.

మేం చేసేది రక్తం తక్కువున్న వాళ్లకిచ్చే ఐరన్ గోళీలోకి వెళ్లే మందు. ఫెర్రస్ ఫ్యూమరేట్. ఫెర్రస్ సల్ఫేట్‌ను నీళ్లలో కరిగించి ఇంకో ద్రావణం కలిపితే ఇటుక రంగు పొడి అడుగుకు దిగుతుంది, దాన్ని గిర్రున తిప్పే యంత్రంలో వేసి నీళ్లు పిండి, ఆరబెట్టి, సంచుల్లో నింపుతాం. ఆ తిప్పే యంత్రం, ఆరబెట్టే గది, రెండూ ఎలీషా అన్న చేతిలో ఉండేవి, పదకొండేళ్లుగా. ఆ గదిలో పనిచేసిన వాళ్ల చొక్కాలు ఏ సబ్బుకూ తెల్లబడవు. వారానికోసారి ఆయన భార్య నీలమ్మ వదిన ఆ చొక్కాలను వేరే బకెట్‌లో నానబెట్టేది, మా ఇంటి దడి అవతలి నుంచి అరిచేది, "ఓ సమతా, గా కంపెనీల ఇంకేం రంగు లేదా, జర మంచి రంగు చెయ్యమని చెప్పు మీ సారుకు" అని. మాది సురంగల్, వాళ్లదీ సురంగల్. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు ఇక్కడ ఖాళీ ఉందని వచ్చి చెప్పింది ఎలీషా అన్నే. గేటు బయట నన్ను చెల్లె అనేవాడు, గేటు లోపల మేడం. మొదటి రోజు నాకు నవ్వొచ్చి, అన్నా నన్ను మేడం అనకు అంటే, తల అడ్డంగా ఊపాడు. "లోపల మేడమే. మా ఊరి పిల్ల తెల్లకోటు ఏస్కున్నది, నేనే ఇజ్జత్ ఇయ్యకపోతే ఎవలిస్తరు?"

చేరిన వారం నాకొక ఫైలు అప్పగించారు. అందులో ఒక గడి. సిద్ధాంత దిగుబడి, అంటే వేసిన సరుకంతా ఒక్క రేణువు కూడా పోకుండా మారితే ఎంత రావాలో అంత. దాని ఎదురుగా, వేసిన ఫెర్రస్ సల్ఫేట్ బరువే రాయాలి అని ఉంది. ఇదేం లెక్క, ఎంత వేస్తే అంతెలా వస్తుంది అని అనుమానపడి పరమాణుభారాలు కూడి రెండింటి అణుభారాలూ చూశాను. మేం వాడే ఎండు రకం ఫెర్రస్ సల్ఫేట్‌కు నూట అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది. మా మందుకూ నూట అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది. రెండూ ఒకటే. ఎక్కడో చదువుకున్నది ఇక్కడ సంచుల్లో నిజమవుతోందని ఎంత సంబరపడ్డానో, ఆరబెట్టే గది దాకా పరుగెత్తి ఎలీషా అన్నకు చెప్పాను. ఆయన చేట పక్కన పెట్టి, "గిదా మేడం మీ సదువు? ఎంతేస్తే గంత అని మేం పదేండ్లసంది అంటనే ఉన్నం గదా, మాకెవ్వలు డిగ్రీ ఇయ్యకపాయె" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రెండు వందల కిలోలు వేస్తే నూట ఎనభై ఏడు వచ్చేది. తొంభై మూడున్నర శాతం. గుడ్డకు అంటేది, నీళ్లతో పోయేది, గాలికి లేచేది, అన్నీ కలిపి పదమూడు కిలోలు. అది లోకంలో ఎక్కడైనా పోయేదే.

మూడు వారాల క్రితం నూట పద్నాలుగు వచ్చింది. నా షీటులో ఆ గడి యాభై ఏడు శాతం చూపించింది. రెండో బ్యాచ్ కూడా అంతే, మూడోది కూడా అంతే. ఎప్పుడూ వచ్చేదానికంటే డెబ్బై మూడు కిలోలు తక్కువ, బ్యాచ్‌కు దగ్గర దగ్గర మూడు సంచులు. కాలువలు చూశారు, నేల ఊడ్చి ఆ దుమ్మును కూడా తూచారు, యంత్రం గుడ్డ చిరిగిందేమోనని వెలుగుకు పట్టి చూశారు. తర్వాత మనుషులను చూశారు. రామలింగేశ్వరరావు సారు మా మేనేజరు, చెడ్డవాడు కాదు, ముప్పై ఏళ్ల క్రితం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఎవరినీ ఏకవచనంతో పిలవడు. నా షీటు ముందు పెట్టుకుని వేలితో ఆ గడి మీద కొట్టి, "పదార్థం మాయమవదు కదమ్మా సమతా, ఎక్కడికో వెళ్లింది" అన్నాడు. అవును సార్ అన్నాను. నిజమే కదా, పదార్థం మాయమవదు, నేనూ అదే చదువుకున్నాను. చిన్న మంగళారంలో గులాబీ తోటలున్నాయి, ఆకులు పసుపుబారి పాలిపోతే వాళ్లు ఇనుము మందు వేస్తారు, నీలమ్మ వదిన అక్కడే పూలు కోస్తుంది. ఈ మూడు మాటలూ ఎవరు మొదట కలిపి అన్నారో తెలియదు గానీ సాయంత్రానికి అందరి నోట్లోనూ కలిసే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఎలీషా అన్న ఇంటికి పోయేటప్పుడు గేటులో టిఫిను డబ్బా విప్పించారు. బండి సీటు ఎత్తించారు. ఆయన ప్రతి రోజూ తానే ముందు డబ్బా మూత తీసి పట్టుకునేవాడు, "సూడున్రి, ఇయ్యాల బెండకాయ" అని. పది రోజులు. అయిదు రోజుల క్రితం లోపలికి రావద్దన్నారు.

పదకొండు పదిహేను. ఓవెన్ లోపల ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. ఆ మూడు బ్యాచ్‌లకు ముందు, కొత్త సరుకు లారీ వచ్చిన రోజు ఎండ ఎక్కువగా ఉంది. ఎలీషా అన్న ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి చెప్పులతో రాకూడదని గడప దాటడు. "మేడం, ఈపారి సరుకు వేరే ఉన్నది. పాతది బూడిద లెక్కుండె. గిది పచ్చగ, కలకండ లెక్కున్నది. సంచి మీద చెయ్యి వెడితె సల్లగ తగుల్తున్నది, జర సూడున్రి." గుప్పిట్లో తెచ్చాడు కూడా. నేను కుడి చేత్తో బ్యూరెట్ గాజు గొట్టం కొళాయి తిప్పుతున్నాను, చుక్క చుక్కగా పడుతోంది, రంగు మారే క్షణం తప్పిపోతుందని తల ఎత్తలేదు. ఇనుము ఉందా, ఉంది. సల్ఫేటు ఉందా, ఉంది. పొద్దునే చూసి పాసని రాసేశాను. "రెండూ ఒకటే ఎలీషా, వేసెయ్" అన్నాను. అన్న అనలేదు, లోపల కదా. ఆయన గుప్పిట మూసుకున్నాడు. "మీరు సూసిన్రు గదా, ఇగ మాకేం ఫికర్" అని వెళ్లిపోయాడు. ఆ గుప్పిట్లోది ఏం చేశాడో, తిరిగి సంచిలోనే వేసి ఉంటాడు, ఆయన దేన్నీ కింద పారబోయడు.

నిన్న సాయంత్రం ఆడిట్ ఫైలు సర్దుతుంటే సరుకు పంపినవాళ్ల సర్టిఫికెట్ చేతికొచ్చింది. పేరు ఫెర్రస్ సల్ఫేట్. ఆ పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకొక మాట, హెప్టాహైడ్రేట్. ఏడు నీళ్లు. ఒక్కొక్క ఫెర్రస్ సల్ఫేటు అణువును పట్టుకుని ఏడు నీటి అణువులు. పాత సరుకులో ఒకటే ఉండేది. స్ఫటిక జలం అనగానేమి, రెండు మార్కులు, పదో తరగతిలో రాశాను, రెండుకు రెండు వచ్చాయి, ఆ పేపరు అమ్మ దేవుడి పటం వెనక పెట్టింది. రాయడం వచ్చింది. సంచిలో వచ్చి చల్లగా చేతికి తగిలినప్పుడు గుర్తుపట్టడం రాలేదు, నా చేయి అసలు తగిలితేగా. అణుభారం నూట అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది కాదు, రెండు వందల డెబ్బై ఎనిమిది. అయితే రెండు వందల కిలోలకు రావలసింది రెండు వందలు కాదు, నూట ఇరవై రెండు. వచ్చింది నూట పద్నాలుగు. తొంభై మూడు పాయింట్ మూడు శాతం. ఎప్పుడూ వచ్చేదే. ఎప్పటి చేతులే, ఎప్పటి పనే. మా అమ్మ ప్రమీలమ్మ చేవెళ్ల మార్కెట్‌లో కొత్తిమీర, పాలకూర అమ్ముతుంది, అక్షరం రాదు. తెల్లవారుజామున మడి మీదే కట్టలు తూచి పెడుతుంది, ఆ తర్వాతే వాడిపోకుండా నీళ్లు చల్లుతుంది. చిన్నప్పుడు నేను ముందే చల్లబోతే చేతి మీద కొట్టింది, "నీళ్లు గూడ తూకమెక్కుతయే పిచ్చిదానా, ఒకలకు నీళ్లమ్ముతమా?" అని. ఆమె చేతి మీద కొట్టి నేర్పింది కూడా నాకు మిగలలేదు.

నిన్న రాత్రే సారుకు ఫోన్ చేయవచ్చు. ఋజువు లేకుండా ఎలా అనుకున్నాను. పొద్దున ఎలీషా అన్న ఇంటి మీదుగానే బస్టాపుకు వచ్చాను, నీలమ్మ వదిన వాకిట్లో తలవంచుకుని గిన్నె తోముతోంది, పలకరించలేదు, నేనూ పలకరించలేదు, ముందు గిన్నె ఎండాలి అనుకున్నాను, ఇంకో గిన్నె. బస్సులో మొయినాబాద్ దాటాక ఫంక్షన్ హాళ్ల ముందు నిన్నటి పెళ్లి పూలను ట్రాక్టర్‌లోకి ఎత్తుతున్నారు, రోడ్డు వెడల్పు చేస్తున్న చోట అరగంట ఆగాం, ఆ అరగంటా నేను మనసులో మాటలు పేర్చుకున్నాను. సార్, ఒక విషయం. సార్, పొరపాటు జరిగింది. జరిగింది అనాలా, చేశాను అనాలా. చేశాను అంటే ఉద్యోగం పోతుంది. మా ఇంట్లో నెల మొదటి తారీఖున వచ్చే పైసలు నావి ఒక్కటే, మిగతావి ఏ రోజుకారోజు కూరల్లోంచి వచ్చేవి. సంతకం కూడా నాదే ఉంది, మూడు షీట్ల మీదా, పూర్తి పేరుతో, తేదీతో, ఎంతో ముచ్చటగా. పది గంటలకు తూసినప్పుడే నాకు తెలిసిపోయింది. పదకొండింటికి ఆరు పాయింట్ ఒకటి ఐదు చూశాక ఇక తెలియడానికి ఏమీ మిగల్లేదు, పుస్తకం ప్రకారం ఆరు పాయింట్ ఒకటి ఒకటి దగ్గర ఆగాలి, అటే పోతోంది. అప్పుడే లేవవచ్చు. సారు గది నలభై అడుగులు. కానీ బరువు నిలకడ పడేదాకా ఆగాలని ఉంది కదా. ఆడిటర్ అడిగితే, రెండోసారి తూచావా అంటే, తూచాను అని చెప్పాలి కదా. ఇలా నాకు నేను చెప్పుకుంటూ స్టూలు మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఎండుతున్నంతసేపూ నేను చెప్పనవసరం లేదు.

పదకొండు ఇరవై రెండు. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. ఎలీషా అన్న బండి వచ్చి ఆగింది. వెనక నీలమ్మ వదిన. ముందే వచ్చేశాడు, ఆయన ఎప్పుడూ ముందే వస్తాడు, ఆరు గంటల షిఫ్టుకు అయిదున్నరకే. తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఆదివారం ప్రార్థనకు వేసుకునేది. గేటు మనిషి సంగయ్య ఆయన్ని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. నీలమ్మ వదిన బయటే నిలబడింది, చేతులు తిప్పుతూ ఏదో అంటోంది, ఇక్కడికి వినబడదు. కిందికి వెళ్లాలి. వెళ్లి అన్నా, ఆగు, పన్నెండింటి దాకా ఏదీ చేయకు అని చెప్పాలి. కోటు విప్పి వెళ్లాలా, కోటుతోనే వెళ్లాలా. గేటు గదికి మెట్లు దిగి వెళితే సారు గది కిటికీలోంచి కనిపిస్తాను. పన్నెండింటికే కదా సంతకం, పన్నెండు అనే చెప్పారు, ముప్పై ఎనిమిది నిమిషాలుంది. ఓవెన్ తలుపు మీద చేయి పెట్టాను. తెరిస్తే వేడి పోతుంది, మళ్లీ మొదటి నుంచి గంట లెక్కపెట్టాలి. చేయి తీసేశాను. సారు గది నుంచి గుమాస్తా ఒక ఫైలు పట్టుకుని గేటు వైపు నడిచి వెళ్లాడు. ఏవో లారీ కాగితాలు అనుకున్నాను. అలా అనుకోవడం తేలికగా ఉంది. కాసేపటికి ఎలీషా అన్న బయటికొచ్చి బండి తిప్పాడు. నీలమ్మ వదిన ఎక్కింది. చాయ్‌కి పోతున్నారేమో, పన్నెండింటికి వస్తారు. పదకొండు ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఎర్ర దీపం ఆరింది, వెలిగింది.

పన్నెండింటికి గిన్నె తీశాను. చల్లారనిచ్చాను, అది కూడా పద్ధతే, వేడిది తూయకూడదు. ఆరు పాయింట్ ఒకటి మూడు. పచ్చదనం పోయి అడుగున బూడిద రంగు పొడి మిగిలింది. గిన్నె, సర్టిఫికెట్, కొత్త లెక్క పట్టుకుని సారు గదికి వెళ్లాను. నలభై అడుగులు. చేశాను అనే అన్నాను, జరిగింది అనలేదు. ఆ ఒక్కటి సరిగా చేశాను. సారు నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే మళ్లీ లెక్క వేశాడు, రెండుసార్లు, కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి. "అయ్యో" అన్నాడు. "నిజమేనమ్మా. నేను కూడా చూసుకోలేదు. ఇద్దరం చూసుకోలేదు." తర్వాత గొంతు తగ్గించి, "పదకొండున్నరకే సంతకం పెట్టేశారమ్మా. రిపోర్టు రాసి కొనేవాళ్లకు పంపేశాను కూడా. ఇప్పుడు లెక్కే తప్పని రాస్తే మూడు బ్యాచ్‌లూ వెనక్కొస్తాయి, ఇంకేం తప్పులున్నాయో అని మొత్తం తిరగేస్తారు. ఇక్కడ అరవై మంది బతుకుతున్నారు. పోలీసుల దాకా పోకుండా నేనే ఆపాను కదా, ఆ మేరకు ఆయనకు మంచే చేశాం. వచ్చే బ్యాచ్ నుంచి సరైన అణుభారం వేసేద్దాం, సరేనా?" అన్నాడు. గిన్నె తీసుకుని బయటికొచ్చాను.

గేటు దగ్గర సంగయ్య రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నాడు. ఏమన్నాడు ఎలీషా అని అడిగాను. "ఏమంటడు మేడం. కాయితం సదివి ఇనిపిచ్చిన్రు. నీలమ్మ లొల్లి వెట్టింది, చెయ్యని తప్పుకు ఎట్ల వెడ్తవ్ దస్తఖతు, ఏలు ఇరుగ్గొడ్త అన్నది. గాయన ఏమన్నడో ఎర్కేనా? లెక్క సమత మేడం జేసింది, మా ఊరి పిల్ల, గంత సదివిన పిల్ల లెక్క తప్పదు, నా చేతులనే ఏదో అయ్యి ఉంటది అన్నడు. దొంగతనమని రాస్తే వెట్టకపోతుండె. నిర్లక్ష్యమని రాసిన్రు గదా, వెట్టిండు." సంగయ్య నా చేతిలోని గిన్నె చూసి, "గదేంది మేడం, సున్నమా?" అన్నాడు.

గోడ పక్క నీడలో నిలబడి ఫోన్ చేశాను. బండి మీద ఉన్నాడు, గాలి చప్పుడు, తర్వాత బండి ఆపిన చప్పుడు. "ఆఁ చెల్లె, చెప్పు." గేటు బయట కదా. అన్నా, తప్పు నాది అన్నాను. సరుకు తగ్గలేదు, నువ్వు పచ్చగుందన్నావు చూడు, అందులో సగానికి దగ్గర నీళ్లే, నేను చూడలేదు, నువ్వు చేసింది తొంభై మూడు శాతం అన్నా, ఎప్పటిలాగే. గబగబా అన్నీ చెప్పేశాను. ఆయన చివరి దాకా విన్నాడు. ఒక చిన్న నవ్వు వినిపించింది.

"ఊకో చెల్లె. నన్ను సూసి నీకు పాపమనిపిస్తున్నది, గందుకే అంటున్నవ్. నీ మనసు మంచిది."

"కాదన్నా, నిజంగా నీళ్లే."

"నీళ్లు పోతె తడిబట్ట తూకం తగ్గుతది, నాకు తెల్వదా? పొడి సంచిల మూడు సంచుల నీళ్లుంటయా? మా ఇంటి డ్రమ్ము నిండుతది గదా గన్ని నీళ్లకు." మళ్లీ నవ్వాడు. "జర మెల్లగ మాట్లాడు, ఎవలన్న ఇంటరు. నా గురించి నువ్వు నీ మీదేస్కోకు, నౌకరి పోతది. మీ అవ్వ మొకం సూడు. మేం జన్వాడ దిక్కు పోతున్నం, ఫారంహౌజుల తోటపనికి రమ్మన్నరు, రూము గూడ ఇస్తరట." పక్క నుంచి నీలమ్మ వదిన గొంతు, "ఏమంటున్నదట?" అని. "ఏం లే. మంచిగున్నరా అంటున్నది" అన్నాడు ఆయన. బండి చప్పుడు మొదలైంది.

తర్వాత రెండుసార్లు కాగితం మీద లెక్క వేసుకుని జన్వాడ పోయాను. ఆయన కాగితం చూడలేదు, నాకు చాయ్ ఇప్పించి పంపించాడు. ఏడు నీళ్ల సంగతి నేను అల్లిన కథ అనే ఆయన నమ్మకం, నన్ను చిన్నబుచ్చకూడదని వింటాడు. తన చేతిలోనే ఏదో తప్పి మందు పోయిందని అనుకుంటూ ఇప్పుడు ఎవరి గడ్డికో నీళ్లు పెడుతున్నాడు. కొనేవాళ్లకు నేను నా పేరుతో ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. సారు ఏమీ అనలేదు, నా ఉద్యోగం పోలేదు, పోతే బాగుండేదని కొన్ని రోజులు అనిపించింది. ఇక చెప్పడానికి నాకు మీరే మిగిలారు. నా మాట నమ్మమని అడగను. రెండు వందలను నూట అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిదితో గుణించి, రెండు వందల డెబ్బై ఎనిమిదితో భాగించండి. వచ్చినదాంట్లో నూట పద్నాలుగు ఎంత శాతమో మీరే చూడండి. కొనేవాళ్లకు వెళ్లిన రిపోర్టులో మనిషి పేరు లేదు, ఆపరేటర్ అని మాత్రమే ఉంది. ఆయన పేరు ఎలీషా. సురంగల్ ఎలీషా, నీలమ్మ భర్త. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు కాబట్టి, దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి.